గంగామణి తిప్పని చివరి పేజీ

పోటీ పరీక్షలకు జనరల్ నాలెడ్జ్ చెప్పే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ పుస్తకాలు చదవాలి, ఇన్ని సంగతులు ఎలా గుర్తుపెట్టుకోవాలి అని అడుగుతారు. నాకు తెలిసింది చెప్తాను. వాళ్ళు లేచి వెళ్ళాక మాత్రం అసలు విషయం చెప్పకుండా పంపేశానే అనిపిస్తుంది. పుస్తకాల పేర్లు ఎవరైనా చెప్తారు. ఈ పనిలో మనిషి ఎక్కడ కాలు జారుతాడో జారినవాడే చెప్పాలి. అందుకే ఇది రాస్తున్నాను.

నేను బీఎస్సీ చదివి, సర్కారు ఉద్యోగాల పరీక్షలు వరసగా రాసి, ఏదీ రాక, చివరికి ఆ పరీక్షలకే పాఠాలు చెప్పేవాడినయ్యాను. ఆర్మూర్‌లో నా అసలు పేరు చాలామందికి తెలియదు. జీకే సార్ అంటే ఇల్లు చూపిస్తారు. ఆ పేరు నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే పలుకుతాను, అంతే.

మేడ మీది గది

మా కోచింగ్ సెంటర్ రాజేశం సేటు పసుపు దుకాణం మీద ఉండేది. కింద ఆయన రైతులు తెచ్చిన పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టేవారు. పైన ఖాళీగా పడి ఉన్న గదిలో ఆయనే బెంచీలు వేయించి, బోర్డు కట్టించి, నన్ను జీతానికి పెట్టుకున్నారు. మోర్తాడ్, భీమ్‌గల్, మెండోర నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చేవారు. పిల్లలంటున్నాను గానీ పెళ్ళయినవాళ్ళూ ఉండేవారు. పసుపు దిగే రోజుల్లో ధూళి మెట్లెక్కి గదిలోకి వచ్చేది. తెల్లచొక్కాతో వచ్చినవాడు సాయంత్రానికి నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా ఇంటికి పోయేవాడు.

సేటు చదివింది తక్కువ. మనిషి చురుకు. చేరిన కొత్తలో నన్ను ఒక మాట అడిగారు.

"సారూ, మా దగ్గర కొమ్మును ఇరిచి చూస్తరు. లోపల రంగు ఉంటెనే ధర. మరి నీ పోరగాండ్లను ఎట్ల ఇరిచి చూస్తవ్?"

"వాళ్ళను పరీక్షనే ఇరుస్తది సేటూ."

"అయితె గా పరీక్షను మనం ముందుగాల ఇరిచి చూడాలె" అని నవ్వారు. అప్పుడు నేనూ నవ్వాను. ఆ మాట ఎంత దూరం పోతుందో నాకు తెలియలేదు.

రోజూ పని ఏమిటంటే, నిజామాబాద్ నుంచి బస్సులో వచ్చే పేపర్లు చదవడం, పనికొచ్చే ముక్కలు కత్తిరించడం, రేడియో వార్తలు వినడం, అవన్నీ ప్రశ్నలుగా మార్చి సాయంత్రం క్లాసులో చెప్పించడం. రాజధానులు, నాణేలు, నదులు, విటమిన్లు, యుద్ధాలు, ఆటలు. సినిమా ప్రశ్నలు మాత్రం నేనే వాళ్ళ దగ్గర నేర్చుకునేవాడిని. ఒకసారి ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు చెప్పండి అంటే ఎవరూ నోరు విప్పలేదు. దవాఖాన, కచేరి, జర, ఫికర్ అని నేనే బోర్డు మీద రాశాను. "గివి మన మాటలు కావా సార్?" అని ముందు బెంచీవాళ్ళు నిజంగానే నొచ్చుకున్నారు. మనవే, వచ్చి మనవయ్యాయి అని సర్దిచెప్పాల్సి వచ్చింది.

లోకం మాత్రం మా గైడు కోసం ఆగేది కాదు. సోవియట్ యూనియన్ విడిపోయింది. మా దగ్గరున్న గైడులో చాలాకాలం విడిపోలేదు. పాత జవాబు కొట్టేసి కొత్తది రాయించడంలోనే సగం పాఠం అయిపోయేది.

పసుపు వేరా, కాండమా

నా పాఠాల్లో మంచిదేదైనా ఉంటే ఇది చెప్తాను. ఒక సాయంత్రం క్లాసులో అడిగాను: పసుపు మొక్కలో మనం తవ్వి తీసేది వేరా, కాండమా, పండా, గింజా?

గదిలో సగం మంది పసుపు పండించే ఇళ్ళవాళ్ళు. అందరూ ఒకే గొంతుతో "వేరు" అన్నారు.

"అందరూ తప్పే."

"గట్లెట్ల సార్? భూమిల ఉండేది వేరే గద!"

కిందికి వెళ్ళి విత్తనానికి దాచిన పచ్చి కొమ్ము ఒకటి తెచ్చాను. దాని మీది గణుపులు చూపించాను. ఒక పక్కన చిన్నగా పొడుచుకొచ్చిన కన్ను చూపించి, మొలక ఎక్కడినుంచి వస్తుందని అడిగాను.

"కన్ను కాడికెళ్ళి."

"వేరుకు కన్ను ఉంటదా?"

వెనక బెంచీలోంచి ఒక గొంతు, "మా తాత కాడికెళ్ళి కాండాన్నే తవ్వుకుంట వస్తున్నమా సార్, ఎర్క లేకుంట?" అంది. గది ఘొల్లుమంది. ఆ జవాబు ఆ తర్వాత ఎవరూ మరిచిపోలేదు.

చేతికి అందే వస్తువుతో చెప్పిన సంగతి అలా నిలుస్తుంది. అది నాకు తెలుసు. తెలిసి కూడా అలాంటి పాఠాలు చెప్పిన రోజులు తక్కువ. మిగతా రోజుల్లో ప్రశ్న చదివి, జవాబు చదివి, రాసుకోమనేవాడిని. సులువుగా ఉండేది.

ఒంటె మూపురం

వెనక బెంచీ గొంతు లింబాద్రిది. భీమ్‌గల్ కుర్రాడు. పరీక్షలు రాస్తుండేవాడు, తప్పుతుండేవాడు. ఎదురు ప్రశ్నలు వేసే అలవాటు వల్ల నాకు అతను కొంచెం చికాకు. ఒకరోజు ఒంటె మూపురంలో నీళ్ళు నిలవ ఉంటాయని గైడులో ఉన్నది ఉన్నట్టు చెప్పించాను. లింబాద్రి లేచి నిలబడ్డాడు.

"మా తమ్ముని సైన్స్ పుస్తకంల కొవ్వు అని ఉన్నది సార్."

"మీ తమ్ముడు ఎన్నో తరగతి?"

"ఏడు."

"ఏడో తరగతోళ్ళు నౌకరి పరీక్షలు రాస్తున్నరా, మనమా?"

అందరూ నవ్వారు. లింబాద్రి కూర్చున్నాడు. తర్వాత వచ్చిన పరీక్షలో ఆ ప్రశ్నే పడింది. బయటికి వచ్చాక, "ఏం పెట్టినవ్?" అని అడిగాను.

"నీళ్ళు అని పెట్టిన సార్. మీరు చెప్పిన్రు గద" అన్నాడు.

ఇంటికి వెళ్ళి పెద్ద పుస్తకం తీసి చూశాను. కొవ్వే. తర్వాతి బ్యాచ్ నుంచి దిద్ది చెప్పాను. లింబాద్రికి మాత్రం చెప్పలేదు. కొత్తగా వచ్చేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. తప్పు జవాబు చెప్పడం ఈ వృత్తిలో ఎవరికైనా జరుగుతుంది. నన్ను భయపెట్టాల్సింది వేరే సంగతి. తనకు సరైన జవాబు తెలిసి కూడా ఒక మనిషి నా జవాబు పెట్టి వచ్చాడు. మన మాట వాళ్ళ మీద ఎంత బరువుగా కూర్చుంటుందో ఆ రోజే నాకు అర్థం కావాల్సింది. కాలేదు.

పేపర్ మోసుడు

మేము పిల్లల్ని తయారుచేసే పరీక్షల్లో ప్రశ్నపత్రం ఇంటికి తెచ్చుకోనిచ్చేవారు కాదు. జవాబులతో పాటు అక్కడే ఇచ్చేయాలి. కానీ పోయిన పరీక్షలో ఏం వచ్చిందో తెలిసిన సెంటర్‌కే పిల్లలు వస్తారు. సేటు అన్న "ముందుగాల ఇరిచి చూసుడు" ఇక్కడ పనికొచ్చింది.

ఏర్పాటు చాలా మామూలుగా ఉండేది. పరీక్షకు ముందు రోజు బోర్డు మీద పేర్లు రాసేవాడిని. మొదటి ఐదు ప్రశ్నలు ఒకరివి, ఆ తర్వాతి ఐదు ఇంకొకరివి. ఎవరి ప్రశ్నలు వాళ్ళు మాటకు మాట నోటికి పట్టుకుని బయటికి రావాలి. పిల్లలు దీనికి పేపర్ మోసుడు అని పేరు పెట్టారు. హాల్లోంచి వచ్చేటప్పుడు మా వాళ్ళను ఇట్టే గుర్తుపట్టవచ్చు. ఎవరు పలకరించినా పలకరు. మాట్లాడితే ప్రశ్న చెదిరిపోతుందని పెదవులు కదుపుకుంటూ, నోట్లో నీళ్ళు పట్టుకున్నవాళ్ళలా నడిచేవారు. నిజామాబాద్ బస్టాండు పక్కన ఒక చాయ్ హోటల్లో నేనూ సేటూ కాచుకుని ఉండేవాళ్ళం. వచ్చినవాళ్ళు వచ్చినట్టు బల్ల మీద ప్రశ్నలు దించేవారు. నేను రాసేవాడిని. ఒకటి రెండు రోజుల్లో స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ కాగితాలు తీసేవాళ్ళం. చుట్టుపక్కల మండలాల నుంచి కూడా వాటికోసం వచ్చేవారు.

ఇది తప్పా ఒప్పా అని మాలో ఎవరూ అడగలేదు. ఐదు ప్రశ్నలే కదా అనుకున్నాం.

ఒక చిక్కు ఉండేది. జతపరచండి అనే ప్రశ్నలు ఎవరికీ మోయడం చేతనయ్యేది కాదు. ఈ వరసలో నదులు, ఆ వరసలో డ్యాములు. ఈ పక్క శాస్త్రాల పేర్లు, ఆ పక్క అవి చదివే విషయాలు. పిల్లలు బయటికి వచ్చేసరికి అన్నీ కలిసిపోయేవి. మా కాగితాల్లో ఆ చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. సేటుకు అది పంటి కింద రాయిలా ఉండేది. నిజం చెప్పాలంటే నాకు కూడా.

గంగామణి

గంగామణిది మోర్తాడ్. ఇంటర్ పాసై పెళ్ళి చేసుకుంది. భర్త మస్కట్‌లో తాపీపని చేసేవాడు. ఆమె అత్త దగ్గర ఉండి, పొద్దున బీడీలు చుట్టి, మధ్యాహ్నం బస్సుకు ఆర్మూర్ వచ్చేది. చేతులకు తంబాకు వాసన వస్తుందని చివరి బెంచీలో గోడవైపు కూర్చునేది. ఒక్కసారి విన్నది విన్నట్టు చెప్పగలిగేది. వరస కూడా తప్పేది కాదు. నా సర్వీసులో అలాంటి జ్ఞాపకశక్తి ఉన్న మనిషిని మళ్ళీ చూడలేదు.

ఆ ఏటి గుమాస్తా పరీక్షకు ముందు ఆమె నాతో అంది: "గీసారి ఎట్లైన కొట్టాలె సార్. మళ్ళొచ్చేసరికి నా ఉమర్ దాటుతది."

"కొడ్తవ్ తియ్. ఏం ఫికర్?"

"నౌకరి వస్తె ఆయన్ను వాపస్ రమ్మంట సార్. ఇగ గా ఎండలల్ల చాలు."

ఉద్యోగానికి వయసు దాటిపోతుందని అంత స్పష్టంగా చెప్పింది. నేను తల ఊపాను. ఆ మర్నాడే బోర్డు మీద పేర్లు రాస్తూ, జతపరచండి ప్రశ్నలన్నిటి పక్కనా గంగామణి పేరు రాశాను. ఎవరూ మోయలేనిది ఆమె మోయగలదు. నా తలలో అంతకుమించి ఏమీ లేదు.

క్లాసు అయ్యాక ఆమె బోర్డు దగ్గర ఆగింది.

"సార్, జవాబులన్ని రాసినంక మోస్తె నడుస్తదా?"

"ఆఖరుకైతె టైం ఉండదు. గంట కొడితె కాయితం గుంజుకుంటరు. చదివినప్పుడే పట్టుకో. జవాబులు నీకు ఎట్లైన వస్తయి గద."

ఆమె ఒక క్షణం బోర్డు వైపు చూసి, "సరే సార్" అంది.

పరీక్ష రోజు హోటల్‌కు అందరికంటే ఆఖరున వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. మంచినీళ్ళు కూడా తాగకుండా కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. ఎడమ వరస, కుడి వరస, ఏ గుర్తు కింద ఏది ఉందో దానితో సహా చెప్పింది. ఒక్క మాట జారలేదు. పిల్లలు బల్ల చరిచారు. సేటు అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించారు. "బిడ్డా, నీ నెత్తిల మిషన్ ఉన్నదే!" అన్నారు. నేను రాసుకున్నది మళ్ళీ మళ్ళీ చూసుకుని మురిసిపోయాను. పరీక్ష ఎలా రాశావని ఆమెను అడగలేదు. హోటల్లో అడగలేదు, బస్సులో కూడా అడగలేదు. ఆమె కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూ వచ్చింది.

ఖాళీ లేని ప్రశ్నపత్రం మాకు దొరకడం అదే మొదటిసారి. మా సెంటర్ పేరు పాకింది. కొత్త బ్యాచ్‌కు బెంచీలు చాలలేదు. కొంతకాలానికి పేపర్లో నంబర్లు పడ్డాయి. మా వాళ్ళవి కొన్ని ఉన్నాయి. గంగామణిది లేదు.

క్లాసులో ఎవరో అడిగారు: "గంగామణక్కకు ఎట్ల రాలే సార్?"

నాకు తెలియదు అనాల్సింది. లేదా ఊరుకోవాల్సింది. నేను ఇలా అన్నాను: "తెలివి ఒక్కటి ఉంటె చాలదు. పైలంగ, జాగ్రత్తగ రాయాలె. నెత్తిల ఇంటి ముచ్చట్లు పెట్టుకుని కూసుంటె గిట్లనే అయితది."

ఆమె పాసయితే నా పేరు చెప్పుకుని ఉండేవాడిని. తప్పింది కాబట్టి ఆమెను పాఠం చేశాను. అలాంటి మాటలకు బస్సు టికెట్ అక్కర్లేదు. అది మోర్తాడ్ చేరింది.

కొన్నాళ్ళకు ఆమె నా దగ్గర తీసుకున్న పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చింది. గదిలో ఎవరూ లేరు.

"ఏమైంది గంగామణి?" అని అడిగాను.

"ఆఖరి పేజీ తిప్పలే సార్."

"తిప్పకపోవుడేంది?"

"జతపరచుడు పట్టుకునేసరికే మస్తు టైం పోయింది. పట్టుకున్నది చెదరొద్దని నడుమ నడుమ మళ్ళ అనుకుంట రాసిన. గంట కొట్టేసరికి ఆఖరి పేజీ గట్లనే ఉండె." కోపంగా చెప్పలేదు. అడిగితే చెప్పే జవాబులా చెప్పింది.

చివరి పేజీలో ఏముందో నాకు తెలుసు. వేరేవాళ్ళు మోసుకొచ్చారు. కాగితం అంతటిలోకి అదే తేలిక. అన్నీ మేము క్లాసులో పదేపదే చెప్పుకున్నవే.

"ఇంకో పరీక్ష చూద్దాం" అన్నాను. నోటికి వచ్చిన మాట అది.

"ఉమర్ దాటింది సార్" అని పుస్తకం బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయింది.

రాదనుకున్నవాళ్ళకు

ఆ రోజే పేపర్ మోసుడు మానేశానని రాయాలని ఉంది. మానలేదు. తర్వాతి పరీక్ష వచ్చినప్పుడు ఒక మార్పు చేశాను. బాగా చదివేవాళ్ళకు ఇవ్వకుండా, పాస్ కారు అని నేను అనుకున్నవాళ్ళకు ప్రశ్నలు పంచాను. దీంతో ఎవరికీ నష్టం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. మొదటిది తెలియక చేసిన తప్పు అనుకోవచ్చు. ఇది తెలిసి చేసింది.

బోర్డు మీద పేర్లు రాయడం పూర్తయ్యాక లింబాద్రి లేచాడు. జతపరచండి పక్కన ఉన్నది అతని పేరే.

"సార్, ఒక ముచ్చట అడుగుత. కోపం రావొద్దు."

"అడుగు."

"మంచిగ చదివేటోళ్ళకు ఇయ్యకుంట గీసారి మాకే ఎందుకిచ్చిన్రు? మాకు ఎట్లైన రాదనేనా?"

ఎవరూ నవ్వలేదు. బోర్డు మీద పేర్లున్న వాళ్ళందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరెవరిని నేను లెక్కలోంచి తీసేశానో అక్కడ సుద్దముక్కతో రాసి ఉంది. బోర్డు తుడిచేసి కిందికి వెళ్ళాను. సేటు దుకాణంలో రైతుతో మాట్లాడుతున్నారు. ఆయన ఖాళీ అయ్యేదాకా నిలబడి, ఇక పేపర్ మోయించనని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను.

"ఒక్కామె కోసం దుకాణం బంద్ పెట్టుకుంటమా సారూ?"

"ఒక్కామె కాదు సేటూ. మనకు ఎర్కైంది ఒక్కామె."

ఆయన, "మరి బ్యాచ్ ఖాళీ అయితది, ఎర్కేనా?" అన్నారు. ఎరుకే అన్నాను. నిజంగానే చాలామంది మానేశారు. కానీ సేటు గది ఖాళీ చేయమనలేదు. ఆయన్ను ఇందులో చెడ్డవాడిగా చూడకండి. సరుకు ముందు చూసుకోవాలనేది వ్యాపారి ఆలోచన, ఆయన వ్యాపారి. చదివినప్పుడే పట్టుకో అన్నది నేను. నేను సారును.

తర్వాతి రోజు క్లాసులో గంగామణి గురించి నేను అన్న మాట అబద్ధమని చెప్పాను. జరిగింది చెప్పాను. ఒంటె సంగతి కూడా ఆ రోజే లింబాద్రికి చెప్పాను. అతను దాన్ని పట్టించుకోలేదు.

"మాకు చెప్తె ఏమొస్తది సార్? మోర్తాడ్ పోయి చెప్పుర్రి. కోడలికి చదువు రాదు, ఉత్తగనే బస్సులెంబడి తిరిగిందని ఆమె అత్త ఊరంత చెప్పుకుంట తిరుగుతున్నదట."

ఉద్యోగం పోయిందని నాకు తెలుసు. ఇంట్లో పేరు కూడా పోయిందని అప్పుడు తెలిసింది. మొదటిదాన్ని నేను తిరిగి ఇవ్వలేను.

మోర్తాడ్‌లో

ఆదివారం పొద్దున బస్సెక్కాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. గంగామణి లేచి కుర్చీ వేసింది. గడప దగ్గర కూర్చున్న పెద్దామె వాళ్ళ అత్త రాజవ్వ. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గీయనేనా మీ సారు? కూసో సారూ. మా కోడలు గన్ని రోజులు వచ్చింది నీ దగ్గెరకు. ఏం జెప్పినవో ఏం ఇన్నదో, ఆ దేవునికే ఎర్క."

పక్కన ఉన్నవాళ్ళు తల దించుకుని నవ్వుకున్నారు. గంగామణి మళ్ళీ చాట ముందు కూర్చుంది. నేను బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. "గంగామణి, నేను ఎందుకొచ్చిన్నంటె..." అని ఆగాను.

ఆమె తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అడిగింది: "సార్, గా ఆఖరి పేజీల ఏమేమొచ్చినయి?"

"నువ్వు చూడలేదా? కాయితాలు వచ్చినయి గద."

"చూడబుద్ధి గాలే. ఇప్పుడు అడుగుర్రి."

అడగడం మొదలుపెట్టాను. ఆ పేజీ నాకు నోటికి వచ్చు.

"విటమిన్ డి తక్కువైతె పిల్లలకు వచ్చే జబ్బు?"

"రికెట్స్."

"సూర్యుని వెలుగు భూమికి రావడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎనిమిది నిమిషాలు. జర ఎక్కువనే."

"తూర్పు దేశాల ఇటాలియన్ అని ఏ భాషను అంటారు?"

"మన తెలుగునే."

"సినిమా రీలులో సెకనుకు ఎన్ని బొమ్మలు కదులుతాయి?"

"ఇరువై నాలుగు." ఆమె చేతులు ఆగలేదు. ఆకు, తంబాకు, దారం. జవాబు వెంట ఒక బీడీ గంపలో పడుతోంది. పక్కవాళ్ళు చుట్టడం ఆపి వింటున్నారు.

"పొగాకులో ఉండే విషం?"

"నికోటిన్."

"గదేందే?" అంది పక్కనామె.

"నీ ఒళ్ళె ఉన్నదే అక్కా, చాట నిండ" అంది గంగామణి. అందరూ నవ్వారు. రాజవ్వ నవ్వలేదు గానీ గడప మీద నుంచి కొంచెం ముందుకు జరిగింది.

"హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసిన సంవత్సరం?"

"నలభై ఎనిమిది."

"ఒమన్ దేశం నాణెం?"

గంగామణి నోరు విప్పేలోపల రాజవ్వ అందుకుంది: "రియాల్ గదా! నా కొడుకు మస్కట్లనే ఉన్నడాయె, నాకెర్క లేదా?"

"రాజవ్వకు నౌకరి వచ్చింది పో!" అని ఎవరో అన్నారు. వాకిలంతా నవ్వు. నేను మిగిలినవి కూడా అడిగాను. ఒక్కటీ తప్పలేదు.

"ఎన్నొచ్చినయి సార్?" అంది గంగామణి.

"అన్నీ వచ్చినయి."

నవ్వు సద్దుమణిగింది. రాజవ్వ నా వైపు తిరిగింది. "గిసొంటియేనా అడిగేది? నాకు కూడ ఒకటి వచ్చె. మరి దీనికి నౌకరి ఎట్ల రాలే?"

చెప్పాను. బోర్డు మీద పేర్లు రాసిన దగ్గరినుంచి క్లాసులో అన్న మాట దాకా మొత్తం చెప్పాను.

"అంటె," అంది రాజవ్వ నెమ్మదిగా, "మా పోరి తన కాయితం రాసుకోకుంట నీ కాయితం మోసిందా?"

"అవునమ్మా."

"నువ్వే మోయమంటివా?"

"నేనే."

రాజవ్వ కోడలి వైపు చూసింది. "నోరు లేదానె నీకు? నాకు చెప్పొద్దా?"

"చెప్తె నమ్ముదువా అత్తమ్మా?"

రాజవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. నేను లేవబోయాను.

"కూసో" అంది. లోపలికి వెళ్ళి విదేశాలకు రాసే నీలం కాగితం, పెన్ను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "కోడలు ఫేలైందని నా కొడుకుకు నేనే రాయించిన. తిట్టి రాయించిన. ఇప్పుడు నువ్వు రాయి. ఫేల్ గాలే అని రాయి. ఎవరు చేసిన్రో నీ పేరుతోని రాయి."

ఆమె చెప్తుంటే నేను రాశాను. నా పేరు దగ్గర జీకే సార్ అని రాయబోయి, ఆపి, మా నాయన పెట్టిన పేరు రాశాను. గంగామణి భర్త అప్పటికే ఇంకో ఒప్పందం మీద సంతకం పెట్టాడని, మళ్ళీ చాలా ఏళ్ళకు గానీ ఇంటికి రాడని ఆ వాకిట్లో అప్పటికి ఎవరికీ తెలియదు. ఉత్తరం చివరకు వచ్చి కాగితం మడవబోతుంటే గంగామణి ఆపింది.

"సార్, గా ఆఖరి పేజీ కూడ రాయుర్రి. ప్రశ్నలు, నా జవాబులు. ఆయన చదువుకుంటడు."

రాశాను. కాగితం చాలలేదు. తిప్పి, అంచుల వెంట కూడా రాశాను. గంగామణి పక్కన నిలబడి, ఏదైనా వదిలేస్తున్నానేమో అని ఒక్కొక్కటే చూసుకుంది.